అత్యవసర లాపరోస్కోపీ

అత్యవసర లాపరోస్కోపీ అనేది హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన కడుపునొప్పికి కారణాన్ని కనుగొనడానికి, వీలైతే ఆ కారణాన్ని అప్పటికప్పుడే తొలగించడానికి చేసే శస్త్రచికిత్స. పొట్టను పెద్ద కోతతో తెరవకుండా, పొట్టగోడలో సాధారణంగా 5 నుండి 12 మిల్లీమీటర్ల వ్యాసం గల రెండు, మూడు లేక నాలుగు రంధ్రాలు చేస్తారు. ఒక రంధ్రం గుండా కెమెరా అమర్చిన దర్శినిని, మిగిలిన వాటి గుండా పొడవైన సన్నని పనిముట్లను లోపలికి పంపుతారు. లోపలి అవయవాలను తెరపై చూస్తూ శస్త్రవైద్యులు పనిచేస్తారు. తాళపు రంధ్రమంత చిన్న రంధ్రాల ద్వారా జరిగేది కనుక దీనికి కీహోల్ సర్జరీ అనే వాడుక పేరు కూడా ఉంది.

ఈ పద్ధతిలో రోగనిర్ణయం, చికిత్స రెండూ ఒకే మత్తులో, ఒకే బల్ల మీద పూర్తి కావచ్చు. అయితే రోగిని చేతితో పరీక్షించడానికి గాని, రక్తపరీక్షలకు గాని, స్కానింగుకు గాని ఇది ప్రత్యామ్నాయం కాదు. ఎవరికి చేయాలి, ఎంత త్వరగా చేయాలి, ఎప్పుడు దీనిని విరమించి పొట్ట తెరవాలి అనే మూడు నిర్ణయాల మీదనే ఫలితం ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

## పేరు

లాపరోస్కోపీ అనే పదం గ్రీకు మూలాల నుండి వచ్చింది. లపర అంటే డొక్క, స్కోపియో అంటే చూడడం. తెలుగులో దీనిని ఉదరాంతర దర్శనం లేదా ఉదరకుహర దర్శనం అని చెప్పవచ్చు. నోటి ద్వారా గొట్టం పంపి జీర్ణాశయం లోపలి భాగాన్ని చూసే ఎండోస్కోపీ వేరు. ఎండోస్కోపీలో జీర్ణనాళపు లోపలి గోడ కనిపిస్తుంది. లాపరోస్కోపీలో అవయవాల వెలుపలి తలం, వాటి చుట్టూ ఉన్న ఖాళీ కనిపిస్తాయి. పొట్టను పొడవైన కోతతో తెరిచి చేసే శస్త్రచికిత్సను లాపరోటమీ అంటారు.

## తీవ్ర ఉదరశూల

కొద్ది గంటల నుండి కొద్ది రోజుల లోపల మొదలై, అత్యవసరంగా కారణం తేల్చవలసిన కడుపునొప్పిని వైద్యులు తీవ్ర ఉదరశూల అంటారు. ఇది ఒక వ్యాధి కాదు, అనేక వ్యాధుల లక్షణం. కొన్ని వాటంతట అవే తగ్గిపోతాయి. కొన్ని గంటల వ్యవధిలో ప్రాణం తీస్తాయి. రెండింటి ఆరంభం ఒకేలా ఉండవచ్చు.

నొప్పి ఎక్కడ ఉందో అక్కడే వ్యాధి ఉంటుందన్న నియమం లేదు. పేగు, ఉండుకం (అపెండిక్స్) వంటి అవయవాల నాడులు నొప్పి వచ్చే చోటును కచ్చితంగా తెలుపలేవు. అందువలన ఉండుకం వాచినపుడు నొప్పి మొదట బొడ్డు చుట్టూ తెలుస్తుంది. వాపు ఉదరకుహరాన్ని కప్పి ఉండే ఉదరవేష్టనం అనే పొరకు తగిలిన తరువాతనే నొప్పి కుడివైపు పొత్తికడుపుకు మారుతుంది. తెలుగునాట 'ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి' అని పిలిచేది ఈ అపెండిసైటిస్‌నే.

తీవ్ర ఉదరశూలకు తరచుగా కనిపించే కారణాలు:

* అపెండిసైటిస్ (ఉండుకపు వాపు)
* పిత్తాశయంలో రాళ్ళ వలన కలిగే వాపు
* జఠరంలోని లేదా ఆంత్రమూలంలోని పుండు (అల్సర్) చిల్లు పడడం
* పేగులో అడ్డంకి, పేగు మెలికపడడం, హెర్నియాలో పేగు ఇరుక్కోవడం
* క్లోమపు వాపు
* మూత్రనాళంలో రాయి
* గర్భాశయం వెలుపల, ముఖ్యంగా ఫెలోపియన్ నాళంలో, గర్భం నిలిచి పగలడం
* అండాశయం మెలికపడడం, అండాశయపు తిత్తి పగలడం
* పేగుకు రక్తం తీసుకువెళ్ళే ధమని మూసుకుపోవడం

భారతదేశంలో వీటికి తోడు టైఫాయిడ్ వలన చిన్నప్రేగు చివరి భాగానికి చిల్లు పడడం, ఉదరకుహరంలో క్షయ కూడా పరిగణించవలసిన కారణాలు.

ప్రసవ వయస్సులోని స్త్రీలలో కుడివైపు పొత్తికడుపు నొప్పికి కారణం చెప్పడం ప్రత్యేకించి కష్టం. ఉండుకం, అండాశయం, ఫెలోపియన్ నాళం దగ్గరదగ్గరగా ఉండడమే దీనికి కారణం. పొట్ట తెరిచి చూసిన తరువాత ఉండుకం ఆరోగ్యంగా ఉన్నట్లు తేలడం పూర్వం వీరిలో ఎక్కువగా జరిగేది. లాపరోస్కోపీ వలన రోగనిర్ణయంలో అత్యధిక లాభం పొందినది కూడా వీరే.

## చరిత్ర

శరీరం లోపలికి వెలుతురు పంపి చూడాలనే ప్రయత్నాన్ని 1806లో ఫిలిప్ బోజ్జినీ మైనపువత్తి వెలుగుతో పనిచేసే పరికరంతో ఆరంభించాడు. 1870ల చివరలో మాక్స్ నిట్జె మూత్రాశయాన్ని చూసే సిస్టోస్కోపును రూపొందించాడు. 1901లో జర్మన్ వైద్యుడు గేయార్గ్ కెల్లింగ్ అటువంటి దర్శినితోనే ఒక కుక్క ఉదరకుహరాన్ని చూసి చూపించాడు. పొట్టలోని రక్తస్రావాన్ని గాలి ఒత్తిడితో ఆపవచ్చునా అనే ఆలోచన అతనిని ఈ ప్రయోగాలకు పురికొల్పింది. 1910లో స్వీడన్‌కు చెందిన హాన్స్ క్రిస్టియన్ యాకోబేయస్ మానవులలో ఈ పరీక్ష చేసిన అనుభవాన్ని ప్రచురించాడు.

పొట్టను ఉబ్బించడానికి గాలికి బదులుగా బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వాడడం మేలని 1924లో స్విట్జర్లాండుకు చెందిన రిచర్డ్ జోలికోఫర్ సూచించాడు. 1930లలో హంగేరీ వైద్యుడు యానోష్ వెరెష్ స్ప్రింగు గల సూదిని తయారుచేశాడు. క్షయరోగుల ఛాతీలోకి గాలి పంపడానికి చేసిన ఆ సూదిని తరువాతి కాలంలో పొట్టలోకి వాయువు పంపడానికి వాడసాగారు. నేటికీ అది అతని పేరుతోనే ఉంది. 1950లలో బ్రిటిష్ శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ రూపొందించిన గాజుకడ్డీ కటకాల అమరికతో దృశ్యం చాలా స్పష్టమైంది.

చాలాకాలం ఈ పద్ధతిని ఎక్కువగా వాడినవారు స్త్రీవైద్య నిపుణులు. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే స్త్రీవైద్య నిపుణుడు లాపరోస్కోపీ ద్వారా మొదటిసారిగా ఉండుకాన్ని తొలగించాడు. శస్త్రవైద్యుల నుండి అతనికి తీవ్రమైన విమర్శ ఎదురైంది. 1985లో ఎరిక్ మ్యూహె జర్మనీలోనే ఈ విధానంలో పిత్తాశయాన్ని తొలగించాడు. అతనికీ తొలుత గుర్తింపు దక్కలేదు. 1987లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఫిలిప్ మూరే చేసిన పిత్తాశయ శస్త్రచికిత్స తరువాత ఈ విధానం త్వరగా వ్యాపించింది.

1980లలో చిన్న వీడియో కెమెరాలు రావడం ఈ వ్యాప్తికి ముఖ్య కారణం. అంతకు ముందు దర్శిని కంటికి ఆనించి ఒక్కరే చూడగలిగేవారు. తెరపై దృశ్యం అందరికీ కనిపించడంతో సహాయకులు కూడా పనిలో పాలుపంచుకోగలిగారు. 1990 నాటికి చిల్లుపడిన ఆంత్రమూలపు పుండును కూడా ఈ మార్గంలో మూయగలిగారు.

## శస్త్రచికిత్సకు ముందు పరీక్షలు

రోగి చెప్పే వివరాలు, పొట్టను చేతితో తడిమి చూడడం నేటికీ మొదటి మెట్టు. పొట్ట చెక్కవలె బిగుసుకుపోవడం ఉదరవేష్టనపు వాపుకు సూచన. రక్తంలో తెల్లకణాల సంఖ్య, క్లోమపు రసాయనాలైన లైపేజ్ లేక అమైలేజ్, మూత్రపరీక్ష చూస్తారు. ప్రసవ వయస్సులోని ప్రతి స్త్రీకి గర్భపరీక్ష తప్పనిసరి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఉదరవితానం (డయాఫ్రం) క్రింద గాలి కనబడితే, జీర్ణనాళానికి ఎక్కడో చిల్లు పడినట్లు భావించాలి. అల్ట్రాసౌండ్ పిత్తాశయ రాళ్ళకు, గర్భాశయ సంబంధిత వ్యాధులకు మంచి పరీక్ష. సి.టి. స్కాన్ విరివిగా లభించే చోట్ల కేవలం రోగనిర్ణయం కోసం లాపరోస్కోపీ చేయవలసిన అవసరం తగ్గింది.

నొప్పి తగ్గించే మందు ఇస్తే రోగలక్షణాలు మరుగున పడతాయని పూర్వం భావించేవారు. పరిశీలనలలో ఈ భయం నిజం కాదని తేలింది. కనుక పరీక్షలు సాగుతుండగానే నొప్పికి మందు ఇవ్వడం నేటి ఆచారం.

పొట్టలో ఏ లోపమూ లేకుండానే కడుపునొప్పి కలిగించే వ్యాధులు కొన్ని ఉన్నాయి. వాటిని గుర్తించక శస్త్రచికిత్స చేస్తే రోగికి హాని కలుగుతుంది. వాటిలో ముఖ్యమైనవి:

* గుండె క్రింది భాగానికి వచ్చే గుండెపోటు. దీనిని ఇ.సి.జి. ద్వారా గుర్తిస్తారు.
* ఊపిరితిత్తుల క్రింది భాగంలో న్యుమోనియా
* మధుమేహ రోగులలో రక్తం ఆమ్లమయం కావడం (కీటోఅసిడోసిస్)
* సికిల్ సెల్ వ్యాధిలో వచ్చే నొప్పి. గిరిజన ప్రాంతాల రోగులలో దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.
* పోర్ఫిరియా, సీసపు విషం
* కట్లపాము కాటు. రాత్రి నేలపై నిద్రించినవారికి కాటు గుర్తు కనబడకుండానే తెల్లవారుజామున కడుపునొప్పి రావచ్చు. తరువాత కనురెప్పలు వాలిపోవడం మొదలవుతుంది. వీరికి కావలసినది పాము విషానికి విరుగుడు మందు.

## పరికరాలు

* దర్శిని (లాపరోస్కోపు): 5 లేదా 10 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టం. నేరుగా చూసేవి, 30 డిగ్రీల వాలుగా చూసేవి ఉంటాయి. వాలుగా చూసే దానితో అవయవాల ప్రక్కభాగాలు కూడా కనిపిస్తాయి.
* కెమెరా, కాంతిజనకం, తెర.
* ఇన్‌సఫ్లేటరు: వాయువును నిర్ణీత ఒత్తిడిలో లోపలికి పంపే యంత్రం.
* ట్రోకార్లు: పొట్టగోడలో ద్వారాలుగా పనిచేసే గొట్టాలు. వాయువు బయటకు పోకుండా వీటిలో కవాటాలు ఉంటాయి.
* పట్టుకారులు, కత్తెరలు, సూదిని పట్టే సాధనం, విద్యుత్తుతో కణజాలాన్ని కాల్చి రక్తం ఆపే కొక్కెం, క్లిప్పులు.
* లోపల కడిగి ద్రవాన్ని పీల్చే గొట్టం. పొట్టలో చీము, రక్తం ఉండే అత్యవసర పరిస్థితులలో ఇది ఎంతో అవసరం.

బొగ్గుపులుసు వాయువును ఎంచుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. అది మండదు కనుక లోపల విద్యుత్ సాధనాలు వాడవచ్చు. రక్తంలో త్వరగా కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటకు పోతుంది కనుక రక్తనాళంలోకి కొద్దిగా ప్రవేశించినా ప్రమాదం తక్కువ.

## విధానం

రోగికి ముందుగా సెలైను, యాంటీబయోటిక్ మందులు ఇస్తారు. సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చిన తరువాత పని మొదలవుతుంది. జఠరాన్ని, మూత్రాశయాన్ని గొట్టాల ద్వారా ఖాళీ చేయడం వలన వాటికి దెబ్బ తగిలే అవకాశం తగ్గుతుంది.

మొదటి ద్వారం తరచుగా బొడ్డు వద్ద ఏర్పరుస్తారు. ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది వెరెష్ సూదిని గుచ్చి వాయువు నింపిన తరువాత ట్రోకారు దింపడం. రెండవది చిన్న కోత ద్వారా పొరలను కంటితో చూస్తూ తెరిచి గొట్టాన్ని దింపడం. రెండవ మార్గాన్ని 1971లో హారిత్ హాసన్ వర్ణించాడు. పేగులు ఉబ్బి ఉన్నవారిలో, గతంలో పొట్ట శస్త్రచికిత్స జరిగినవారిలో, గర్భవతులలో చాలామంది వైద్యులు రెండవ మార్గాన్నే ఎంచుకుంటారు.

వాయువు ఒత్తిడిని పెద్దవారిలో సాధారణంగా 12 నుండి 15 మిల్లీమీటర్ల పాదరస మట్టం వద్ద ఉంచుతారు. పిల్లలలో ఇంకా తక్కువ. పొట్టగోడ గుడారం వలె పైకి లేచి లోపల పనిచేయడానికి చోటు ఏర్పడుతుంది.

తరువాత ఉదరకుహరాన్ని ఒక క్రమంలో పరిశీలిస్తారు. కాలేయం, పిత్తాశయం, జఠరం, ఆంత్రమూలం, ఉండుకం, చిన్నప్రేగు, పెద్దప్రేగు, గర్భాశయం, అండాశయాలు వరుసగా చూస్తారు. బల్లను తలవైపుకు, కాళ్ళవైపుకు, ప్రక్కలకు వంచడం వలన పేగులు జారి కావలసిన భాగం బయటపడుతుంది. లోపల ఉన్న ద్రవపు రంగు కూడా దారి చూపుతుంది. పసరు రంగు ద్రవం పైభాగంలో చిల్లును, రక్తం పగిలిన గర్భాన్ని లేక గాయాన్ని, చీము వాపును సూచిస్తాయి. ద్రవం నమూనాను సూక్ష్మజీవ పరీక్షకు పంపుతారు.

కనబడిన మొదటి లోపం వద్దనే ఆగిపోకుండా మొత్తం చూడడం మంచి పద్ధతి. కొద్దిగా ఎర్రబడిన ఉండుకం ప్రక్కనే ఉన్న మరొక వ్యాధి వలన పైపైన వాచినది కావచ్చు. ఉదాహరణకు చిల్లుపడిన పుండు నుండి కారిన ద్రవం కుడి పొత్తికడుపులోకి జారి అపెండిసైటిస్ వలె కనిపించవచ్చు.

## వివిధ వ్యాధులలో ఉపయోగం

### అపెండిసైటిస్

అత్యవసర లాపరోస్కోపీ ఎక్కువగా జరిగేది దీనికే. ఉండుకానికి రక్తాన్నిచ్చే ధమనిని మూసి, మొదలును ముడివేసి లేక క్లిప్పులతో బిగించి కోసి, సంచిలో పెట్టి బయటకు తీస్తారు. కోత శస్త్రచికిత్సతో పోలిస్తే గాయంలో చీము పట్టడం, నొప్పి, ఆసుపత్రిలో ఉండే కాలం తగ్గుతాయి. ఉండుకం పగిలిన వారిలో పొట్ట లోపల చీముగడ్డ ఏర్పడే అవకాశం మాత్రం లాపరోస్కోపీలో కొంత ఎక్కువని పాత పరిశీలనలు తెలిపాయి.

చిక్కులు లేని అపెండిసైటిస్‌కు యాంటీబయోటిక్ మందులతోనే చికిత్స చేయడం కూడా సాధ్యమే. అమెరికాలో జరిగి 2020లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో, మందులు మాత్రమే తీసుకున్న ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి 90 రోజుల లోపల శస్త్రచికిత్స అవసరమైంది. ఉండుకంలో రాయివంటి గట్టి మలపు ముక్క ఉన్నవారిలో ఈ అవసరం ఇంకా ఎక్కువగా కనిపించింది.

### పిత్తాశయపు వాపు

వాపు తగ్గేవరకు ఆరు వారాలు ఆగి శస్త్రచికిత్స చేయడం పూర్వపు ఆచారం. ఇప్పుడు వీలైనంతవరకు ఆసుపత్రిలో చేరిన తొలి రోజులలోనే లాపరోస్కోపీ ద్వారా పిత్తాశయాన్ని తొలగించడం మేలని గుర్తించారు. పిత్తాశయానికి, కాలేయం నుండి వచ్చే పైత్యనాళానికి మధ్య ఉన్న నిర్మాణాలను స్పష్టంగా విడదీసి చూసిన తరువాతనే కోయాలి. వాపు వలన అవి తెలియనపుడు పిత్తాశయంలో కొంత భాగాన్ని వదిలివేసి రావడం సురక్షితం. పైత్యనాళాన్ని పొరపాటున కోయడం ఈ శస్త్రచికిత్సలో అత్యంత తీవ్రమైన ప్రమాదం.

### చిల్లుపడిన పుండు

జఠరపు లేక ఆంత్రమూలపు పుండుకు చిల్లు పడితే కడుపులో కత్తితో పొడిచినట్లు నొప్పి వస్తుంది. చిల్లును కుట్టి, దానిపై పేగులను కప్పి ఉండే కొవ్వుపొరను (వప) అతికించి, ఉదరకుహరాన్ని సెలైనుతో శుభ్రంగా కడుగుతారు. రోగి షాక్ స్థితిలో ఉన్నా, చిల్లు పెద్దదైనా, ఆలస్యంగా వచ్చినా పొట్ట తెరవడమే మేలు. శస్త్రచికిత్స తరువాత హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవికి చికిత్స చేయకపోతే పుండు మళ్ళీ రావచ్చు.

### పేగులో అడ్డంకి

గతంలో జరిగిన శస్త్రచికిత్సల వలన పేగులు ఒకదానికొకటి అతుక్కుని మెలిక పడవచ్చు. ఒకే ఒక తాడు వంటి అతుకు ఉంటే లాపరోస్కోపీ ద్వారా కత్తిరిస్తే సరిపోతుంది. ఎంపిక చేసిన ఇటువంటి రోగులు కోత శస్త్రచికిత్స జరిగినవారికంటే త్వరగా ఇంటికి వెళ్ళినట్లు ఫిన్లాండ్, ఇటలీ దేశాలలో జరిగి 2019లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పేగులు బాగా ఉబ్బి ఉంటే చూడడానికి చోటు ఉండదు. పలుచబడిన పేగు పట్టుకారు తగిలి చిరగవచ్చు. కనుక ఇక్కడ ఎంపిక చాలా జాగ్రత్తగా జరగాలి.

### స్త్రీల వ్యాధులు

ఫెలోపియన్ నాళంలో నిలిచిన గర్భం పగిలితే లోపల రక్తస్రావమై ప్రాణాపాయం కలుగుతుంది. రోగి నిలకడగా ఉంటే లాపరోస్కోపీ ద్వారా ఆ నాళాన్ని తొలగిస్తారు లేదా నాళాన్ని చీల్చి పిండాన్ని తీసివేస్తారు.

అండాశయం మెలికపడినపుడు కాలమే కీలకం. మెలిక విప్పితే నల్లబడినట్లు కనబడే అండాశయం కూడా చాలాసార్లు కోలుకుంటుంది. కనుక రంగు చూసి దానిని తొలగించరాదని నేటి వైద్యుల అభిప్రాయం. ముఖ్యంగా బాలికలలో, యువతులలో భవిష్యత్తు సంతానయోగ్యత ఈ నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.

గర్భవతులలో అపెండిసైటిస్ వస్తే చికిత్స ఆలస్యం చేయడమే తల్లికి, బిడ్డకు ఎక్కువ ప్రమాదం. గర్భం ఉండడం లాపరోస్కోపీకి అడ్డు కాదు. పెరిగిన గర్భాశయానికి తగులకుండా ద్వారాలను పైకి జరుపుతారు. ప్రధాన సిరపై బరువు పడకుండా రోగిని ఎడమప్రక్కకు కొద్దిగా వంచుతారు.

### ఉదర క్షయ

క్షయలో ఉదరవేష్టనం మీద చిన్న తెల్లని గింజల వంటి బొడిపెలు కనిపిస్తాయి. వీటి నుండి ముక్క తీసి పరీక్షిస్తే వ్యాధి నిర్ధారణ అవుతుంది. స్కానింగులో క్షయకు, క్యాన్సరుకు తేడా తెలియని సందర్భాలలో ఈ చిన్న పరీక్ష రోగిని పెద్ద శస్త్రచికిత్స నుండి తప్పిస్తుంది.

### గాయాలు

కత్తిపోటు వంటి గాయాలలో రోగి నిలకడగా ఉంటే, గాయం ఉదరకుహరంలోకి దిగిందా, ఉదరవితానం చిరిగిందా అన్నది చూడడానికి లాపరోస్కోపీ ఉపకరిస్తుంది.

## ఎవరికి తగదు

* సెలైను, రక్తం ఎక్కించినప్పటికీ రక్తపోటు నిలవని రోగులకు. వాయువు ఒత్తిడి వలన గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి పరిస్థితి విషమిస్తుంది.
* వాయువు ఒత్తిడిని తట్టుకోలేని తీవ్రమైన గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి.
* సరిచేయని రక్తస్రావ వ్యాధులు ఉన్నవారికి.
* పేగులు విపరీతంగా ఉబ్బి లోపల చోటు లేనివారికి.

స్థూలకాయం, వృద్ధాప్యం తమంతట తాము అడ్డంకులు కావు. పెద్ద కోత వలన వచ్చే ఇక్కట్లు వీరిలోనే ఎక్కువ కనుక తగిన జాగ్రత్తలతో చేస్తే లాభం కూడా వీరికే ఎక్కువ.

## ప్రయోజనాలు

శస్త్రచికిత్స తరువాత నొప్పి తక్కువ. రోగి లోతుగా శ్వాస తీసుకోగలడు, దగ్గగలడు. అందువలన ఊపిరితిత్తుల ఇక్కట్లు తగ్గుతాయి. గాయంలో చీము పట్టడం, కోత చోట హెర్నియా రావడం తక్కువ. పేగుల కదలిక త్వరగా మొదలవుతుంది. పనికి త్వరగా తిరిగి వెళ్ళవచ్చు. దినకూలీపై బ్రతికే కుటుంబాలకు ఈ చివరి ప్రయోజనం చిన్నది కాదు. ఒకే దర్శినితో ఉదరకుహరం పైభాగాన్ని, పొత్తికడుపును కూడా చూడగలగడం రోగనిర్ణయంలో ప్రధానమైన లాభం. కుడి పొత్తికడుపులో చేసే చిన్న కోత ద్వారా ఇది సాధ్యం కాదు.

## పరిమితులు, దుష్ఫలితాలు

లాపరోస్కోపీలో అవయవాల తలం మాత్రమే కనబడుతుంది. క్లోమం, మూత్రపిండాలు వంటి వెనుక భాగపు అవయవాలు సరిగా కనిపించవు. పేగు గోడ లోపలి వ్యాధులు తెలియవు. చేతితో తడిమి తెలుసుకునే జ్ఞానం ఇందులో చాలవరకు లోపిస్తుంది.

అరుదుగా జరిగే ప్రమాదాలు:

* మొదటి సూది లేక ట్రోకారు దింపేటపుడు పేగుకు, పెద్ద రక్తనాళానికి దెబ్బ తగలడం
* విద్యుత్ సాధనం తగిలి పేగు కాలడం. ఇది అప్పుడు కనబడక కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు.
* వాయువు రక్తనాళంలోకి పోవడం
* ద్వారం చోట హెర్నియా. 10 మిల్లీమీటర్లు, అంతకు మించిన ద్వారాల లోపలి పొరను కుట్టడం వలన దీనిని నివారించవచ్చు.

భారతదేశంలో ప్రత్యేకంగా గుర్తించిన మరొక సమస్య, వారాల తరువాత ద్వారాల చోట మానని గడ్డలు, పుండ్లు ఏర్పడడం. క్షయ సూక్ష్మజీవికి దగ్గరి జాతికి చెందిన మైకోబాక్టీరియాలు దీనికి కారణం. పనిముట్లను పూర్తిగా విడదీసి శుభ్రపరచకపోవడం, రసాయనంలో నానబెట్టిన తరువాత శుద్ధిచేయని నీటితో కడగడం వలన ఇది వస్తుంది. సాధారణ యాంటీబయోటిక్ మందులకు ఇది లొంగదు. నెలల తరబడి ప్రత్యేక మందులు వాడవలసి ఉంటుంది.

## కోత శస్త్రచికిత్సకు మారడం

లాపరోస్కోపీగా మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరవవలసి రావచ్చు. ఆగని రక్తస్రావం, అవయవాలు గుర్తించలేనంత వాపు, కుళ్ళిన పేగు, పేగుకు తగిలిన దెబ్బ, ఎంతసేపటికీ ముందుకు సాగని పని ఇందుకు కారణాలు. ఇది వైఫల్యం కాదు. సరైన సమయంలో మారడం వైద్యుని వివేకానికి గుర్తు. మారడంలో జరిగే ఆలస్యం వలననే ఎక్కువ హాని జరుగుతుంది. అందుకే రోగి నుండి సమ్మతి తీసుకునేటపుడే పొట్ట తెరవవలసి రావచ్చునని రోగికి, బంధువులకు వివరించాలి. ఆ తరువాత కోత కనబడితే వారు దానిని పొరపాటుగా భావించే అవకాశం ఉండదు.

## శస్త్రచికిత్స తరువాత

చిక్కులు లేని రోగులు అదే రోజు లేదా మరునాడు ద్రవాలు, తరువాత ఆహారం తీసుకుంటారు. చాలామంది ఒకటి రెండు రోజులలో ఇంటికి వెళ్ళవచ్చు. చీము, చిల్లు ఉన్నవారు ఎక్కువ రోజులు ఉండవలసి వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు భుజంలో నొప్పి రావడం సాధారణం. ఉదరవితానానికి, భుజపు చర్మానికి చెందిన నాడులు మెడలోని ఒకే భాగం నుండి రావడం దీనికి కారణం. మిగిలిన వాయువు పోగానే ఈ నొప్పి తగ్గుతుంది.

లాపరోస్కోపీ తరువాత రోగి రోజురోజుకూ కోలుకోవాలి. అందుకు విరుద్ధంగా నొప్పి పెరగడం, జ్వరం, పొట్ట ఉబ్బడం, వాంతులు, నాడి వేగం పెరగడం, కళ్ళు పచ్చబడడం కనబడితే వెంటనే ఆసుపత్రికి తిరిగి రావాలి.

## భారతదేశంలో

ముంబైకి చెందిన శస్త్రవైద్యుడు తెహెమ్‌టన్ ఉద్వాడియా 1972లో శస్త్రచికిత్స విభాగంలో రోగనిర్ణయానికి లాపరోస్కోపీ వాడడం ఆరంభించాడు. 1990లో ముంబైలోని జె.జె. ఆసుపత్రిలో దేశంలోనే తొలిసారిగా లాపరోస్కోపీ ద్వారా పిత్తాశయాన్ని తొలగించాడు. ఆయన 2023లో మరణించాడు. 1993లో ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ గ్యాస్ట్రోఇంటెస్టినల్ ఎండోసర్జన్స్ అనే సంస్థ ఏర్పడి వైద్యులకు శిక్షణ ఇవ్వసాగింది.

తెలుగు రాష్ట్రాల గ్రామాలలో లాపరోస్కోపీ అనే మాట చాలామందికి కుటుంబనియంత్రణ శిబిరాల ద్వారా పరిచయమైంది. అక్కడ జరిగే డి.పి.ఎల్. శస్త్రచికిత్స రెండు రంధ్రాల లాపరోస్కోపీయే. ముందుగా నిర్ణయించిన రోజున ఆరోగ్యవంతులకు చేసే ఆ చిన్న శస్త్రచికిత్సకు, అర్ధరాత్రి చీముతో నిండిన పొట్టలో చేసే అత్యవసర శస్త్రచికిత్సకు ఎంతో భేదం ఉంది. రెండవదానికి మత్తువైద్యుడు, అనుభవం గల శస్త్రవైద్యుడు, శిక్షణ పొందిన నర్సులు, రక్తం, పనిచేసే పరికరాలు రాత్రింబగళ్ళు అందుబాటులో ఉండాలి.

వాయువు, పూర్తి మత్తు అందుబాటులో లేని గ్రామీణ ఆసుపత్రుల కోసం వాయువు లేని లాపరోస్కోపీని కూడా వాడుతున్నారు. ఇందులో పొట్టగోడను ఒక లోహపు సాధనంతో పైకెత్తి పట్టి ఉంచుతారు. వెన్నులో ఇచ్చే మత్తుతోనే దీనిని చేయవచ్చు. దేశపు ఈశాన్య రాష్ట్రాలలోని గ్రామీణ శస్త్రవైద్యులు ఈ పద్ధతిని వాడి అనుభవాలను ప్రచురించారు.

సౌకర్యాలు లేని చోట లాపరోస్కోపీ కోసం రోగిని దూరప్రాంతానికి పంపడంలో గంటలు గడిచిపోతే ప్రయోజనం కంటే నష్టమే ఎక్కువ. చిల్లుపడిన పేగును, పగిలిన గర్భాన్ని దగ్గరలోనే కోత శస్త్రచికిత్సతో సరిచేయగలిగితే అదే ఉత్తమమైన చికిత్స. మచ్చ పరిమాణం కంటే కాలం విలువైనది.

## ఇవి కూడా చూడండి

* అపెండిసైటిస్
* పిత్తాశయం
* జీర్ణవ్యవస్థ
* శస్త్రచికిత్స
* ఎండోస్కోపీ
* క్షయ